అచ్చు గుద్దినట్టున్న పడవలు

మా మొదటి పడవను విజయవాడ ఆటోనగర్ షెడ్డులో దూలానికి తాళ్ళతో వేలాడదీసి తూకం వేసిన రోజున కాటా 118 కిలోలు చూపించింది. నేను వేసుకున్న లెక్క ప్రకారం తెరచాప, దాన్ని కట్టే నిలువు కొయ్య కాకుండా ఒట్టి పడవ 90 కిలోలు దాటకూడదు. పొడవు 4.3 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు మాత్రమే ఉన్న పడవలో 28 కిలోలు అదనంగా చేరాయంటే, ఎన్నడూ దిగని ఒక ప్రయాణికుణ్ణి పుట్టుకతోనే ఎక్కించుకున్నట్టు లెక్క. పద్దెనిమిదేళ్ళుగా కూలర్లకు, నీళ్ళ తొట్లకు, లారీ క్యాబిన్ల పైకప్పులకు ఫైబర్ అచ్చులు గీసి ఇస్తున్నాను కాబట్టి ఈ పనిలో నాకు తెలియనిది పెద్దగా ఉండదన్న నమ్మకంతోనే పడవకు దిగాను. కూలర్ తొడుగు రెండు కిలోలు ఎక్కువ తూగితే కొన్నవాడికి తెలియదు. పడవలో ప్రతి కిలో నీటికి తెలుస్తుంది, గాలికి తెలుస్తుంది, ఘాటు మెట్ల మీద దాన్ని మోసే నలుగురి భుజాలకు తెలుస్తుంది.

ఆ 28 కిలోల కథకు ముందు, అసలు ఈ పడవ దేనికోసమో చెప్పాలి. నా వాదనంతా అక్కడే ఉంది. మేము పని మొదలుపెట్టినప్పుడు సలహాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. పర్యాటకుల బోట్ల వ్యాపారం తెలిసిన మిత్రులు, పడవను వెడల్పుగా, బరువుగా, పదిమంది కూర్చునేలా చేసి వెనక మోటారు బిగించమన్నారు. తెరచాప అందానికి ఉంటే చాలునన్నారు. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రవాళ్ళు కార్బన్ ఫైబర్ తెప్పించి, ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నని పందెపు పడవ చేయమన్నారు. నాకు ఈ రెండు సలహాల్లోనూ ఒకటే పొరపాటు కనిపించింది. విహారానికే చేసిన పడవ నాలుగు ఆదివారాలు తిరిగాక కట్టుకొయ్యకు పడి ఉంటుంది, చూసిన నీళ్ళనే చూడడానికి ఎవరు మాత్రం ఎన్నిసార్లు వెళ్తారు? పందేనికే చేసిన పడవలో ఇంట్లోవాళ్ళు ఎక్కరు, కొన్న మనిషికి ఊరు మారే బదిలీ వచ్చిన రోజున దాని పని కూడా అయిపోతుంది. అలాకాక, ఒక తండ్రి తన కూతుర్ని కూర్చోబెట్టుకుని భవానీ ద్వీపం దాకా వెళ్ళి వచ్చిన పడవలోనే మరుసటి వారం ఆ అమ్మాయి పందెం వేయగలిగితే, ఆ పడవకు ఏడాది పొడవునా పని ఉంటుంది. పని ఉన్న పడవకే మరమ్మతు జరుగుతుంది, మరమ్మతు జరిగే పడవే పదేళ్ళు బతుకుతుంది. పందెం వల్ల మరో మేలు కూడా ఉంది. ఒంటరిగా తిరిగే పడవలో ఏ లోపం ఉన్నా గాలి సరిగా లేదనుకుని ఊరుకుంటాం. పక్కన అలాంటిదే మరో పడవ ముందుకు పోతుంటే ఇక గాలి మీద నెపం పెట్టడానికి వీలుండదు.

అయితే అది జరగాలంటే పక్కనున్నది నిజంగా అలాంటిదే అయి ఉండాలి. అచ్చు గుద్దినట్టు అనే మాటను మనం మనుషుల పోలికలకు వాడుకుంటాం గాని, ఫైబర్ పనిలో అది అక్షరాలా నిజం. చెక్క పడవ అలా కాదు. దాన్ని వడ్రంగి కంటితో కొలుస్తాడు, కలప వంగినంత మేర వంచుతాడు, ఒకే చేతిలో తయారైన రెండు పడవలకు కూడా నడకలో తేడా ఉంటుంది. ఆ విద్యను నేను తక్కువ చేయడం లేదు. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయ్యాక బందరు, ఏలూరు కాలువల్లో సరుకు మోసిన తెరచాప పడవలన్నీ ఆ కంటి చలవే. కానీ అలాంటి పడవల మధ్య పందెం పెడితే గెలిచేది నడిపినవాడా, చేసినవాడా అన్నది తేలదు.

గాజుపోగు 1930ల్లో అమెరికాలో పరిశ్రమగా నిలదొక్కుకుంది, మరుసటి దశాబ్దంలో ఆ పోగులను పట్టి ఉంచి గట్టిపడే పాలియెస్టర్ రెసిన్ దానికి తోడైంది. 1959 న్యూయార్క్ పడవల ప్రదర్శనలో కార్ల్ ఆల్బర్గ్ గీసిన ట్రైటన్ అనే 28 అడుగుల పడవ వచ్చేసరికి, ఒకే అచ్చులోంచి వందల పడవలు తీసి మధ్యతరగతి కుటుంబాలకు అమ్మవచ్చునని అందరికీ అర్థమైంది. నాకు అంతకన్నా ఇష్టమైన ఉదాహరణ జె 24. 1976లో రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన కనెక్టికట్ రాష్ట్రంలోని స్టోనింగ్టన్‌లో తన ఇంటి గ్యారేజీలోనే 24 అడుగుల పడవ కట్టి, రాగ్‌టైమ్ అని పేరు పెట్టి, ఇంట్లోవాళ్ళనే సిబ్బందిగా చేసుకుని పందేల్లోకి దించాడు. అది గెలవడం చూసినవాళ్ళు తమకూ అలాంటిదే కావాలన్నారు. 1977లో సోదరుడు బాబ్‌తో కలిసి దాన్ని అచ్చుకెక్కించి అమ్మకానికి పెడితే, ఇప్పటివరకు 5,000కు పైగా పడవలు తయారయ్యాయి. సుమారు 1,400 కిలోల ఆ పడవలో 430 కిలోల దాకా అడుగున ఉండే బరువే. అందుకే అది గాలికి ఒరిగినా మళ్ళీ నిలబడుతుంది. లోపల పడుకోవడానికి చోటు ఉంది, పందెం వేయడానికి పదును ఉంది. విహారం, పందెం అనే రెండు పనులను ఆ కుటుంబం రెండు పడవలుగా ఎన్నడూ అనుకోలేదు, దాని విజయానికి అసలు కారణం అదేనని నేను నమ్ముతాను.

ఇంకా చిన్న పడవల్లో లేజర్ కథ అందరికీ తెలిసిందే. 1969లో కెనడాకు చెందిన ఇయన్ బ్రూస్ ఫోన్ చేసి, కారు పైన వేసుకుని తీసుకుపోగలిగిన పడవ ఒకటి కావాలంటే, బ్రూస్ కర్బీ ఫోన్ మాట్లాడుతూనే కాగితం మీద గీసిన బొమ్మ అది. తెరచాపను హాన్స్ ఫాగ్ రూపొందించాడు. 1971లో అమ్మకానికి వచ్చిన ఆ పడవ పొడవు 4.2 మీటర్లు, బరువు 60 కిలోల లోపు. ఒడ్డున సరదాగా తిరగడానికని పుట్టిన పడవ 1996 నాటికి ఒలింపిక్ పందేలకు చేరింది. దాని రూపకల్పనలో నాకు గొప్పగా తోచేది మరొకటి ఉంది. తొట్టి ఒక్కటే, తెరచాపలు మూడు: పెద్దవాళ్ళకు 7 చదరపు మీటర్లకు పైన, తేలికైనవాళ్ళకు 5.8, పిల్లలకు 4.7. మనిషి ఎదిగేకొద్దీ మారేది గుడ్డ మాత్రమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ చిన్న తెరచాపతోనే నేహా ఠాకూర్ మన దేశానికి రజతం తెచ్చింది, పెద్ద తెరచాపతో విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చాడు. నేహా సముద్రపు ఒడ్డున పుట్టిన అమ్మాయి కాదు. మధ్యప్రదేశ్ రైతు బిడ్డ, భోపాల్ చెరువు మీద నేర్చుకుంది. సముద్రం అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊళ్ళో తెరచాప ఏమిటనేవారికి నేను ముందుగా చెప్పే మాట ఇదే.

ఇప్పుడు ఆ 28 కిలోల సంగతి. ఫైబర్ పనిలో వరస తలకిందులుగా ఉంటుంది. ఇల్లు కడితే గోడ ముందు, సున్నం తరవాత. ఇక్కడ మెరుపే ముందు. అచ్చు లోపలి గోడకు మైనం రుద్ది పాలిష్ పట్టాక, తెల్లని జెల్‌కోట్‌ను అర మిల్లీమీటరు మందాన పూస్తారు. బయటి ప్రపంచానికి కనిపించేది అదొక్కటే. అది చేతికి అంటుకోకుండా ఆరాక, దాని వెనక గాజుపోగుల మ్యాట్ పరిచి, రెసిన్‌తో తడిపి, ఇనుప రోలర్‌తో బుడగలు నొక్కి తీస్తూ పొర మీద పొర వేస్తారు. మేము వేసినవి చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు, 300 గ్రాములది ఒక పొర. అంటే చదరపు మీటరుకు 1.2 కిలోల గాజు. పడవ అడుగు, పైభాగం కలిపి 12 చదరపు మీటర్లు. గాజు 14 కిలోల పైచిలుకు. దానికి రెండుంపావు రెట్లు రెసిన్ సరిపోతుంది కాబట్టి 32 కిలోలు పట్టాలి. ఖాళీ డబ్బాలు లెక్కపెడితే 58 కిలోలు పట్టినట్టు తేలింది. ఇరవై ఆరు కిలోలు అక్కడే దొరికాయి. మిగతా రెండు జెల్‌కోట్ మందంగా పూయడం వల్ల.

తప్పు ఎలా జరిగిందో కూడా గుర్తుంది. మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది, షెడ్డు రేకుల కింద నిలబడలేని వేడి. అయిదు కిలోల రెసిన్ ఒకే బకెట్‌లో కలిపించాను. దాన్ని గట్టిపరిచే హార్డనర్‌ను రెండు శాతం దగ్గర వేయించాను. అది చలికాలపు కొలత. పావు బకెట్ పని కాకముందే రెసిన్ పెరుగు ముద్దలా తోడుకుంది, బకెట్ చేతితో పట్టుకోలేనంతగా కాలింది, పొగ లేచింది, రెసిన్‌లో ఉండే స్టైరీన్ ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు. సగం తడిసిన మ్యాట్ అచ్చులో అలాగే ఉండిపోతుందన్న కంగారులో మళ్ళీ కలిపి, తడవని చోట్ల గుమ్మరించాం. తరవాతి పొరలకూ ఆ భయం వదలలేదు. మేస్త్రీ ఆ సాయంత్రం నన్ను ఓదార్చడానికి, "రెసిన్ ఎక్కువ పడితే గట్టిదనమే గదా సార్, నష్టమేముంది?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఫైబర్ పని చేస్తున్న మనిషి నమ్మకంతో అన్న మాట అది. బలం గాజుపోగుది, రెసిన్ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. అవసరానికి మించిన రెసిన్ బరువు పెంచుతుంది, పెళుసుతనం పెంచుతుంది. ఈ సంగతి వివరించడానికి నేను రెండు ముక్కలు కోసి, మితంగా తడిపినదాన్ని, రెసిన్‌లో ముంచి తేల్చినదాన్ని పక్కపక్కన వంచి చూపించాల్సి వచ్చింది. రెండోది టప్పున విరిగింది. మేస్త్రీ ఆ ముక్కను తీసుకెళ్ళి ఇప్పటికీ తన పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు.

రెండో పడవకు తెల్లవారుజామున అయిదింటికి పని మొదలుపెట్టాం. కిలోకు మించి ఎప్పుడూ కలపలేదు, హార్డనర్ ఒక శాతానికి తగ్గించాం, ప్రతి పొరకూ మ్యాట్ తూచి, దాని బరువును బట్టి రెసిన్ తూచి ఇచ్చాం. రెసిన్ త్వరగా గట్టిపడడానికి వేసే కోబాల్ట్ ముందుగా అందులో పూర్తిగా కలిశాకే హార్డనర్ వేయాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలిపోతాయి. అయినా ఆ డబ్బాలను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టే షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. అడుగు భాగం కాలితో తొక్కితే నూనె డబ్బా అడుగులా లోపలికి పోయి పైకి వస్తున్నప్పుడు, మరో పొర వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. పలక మందం రెట్టింపు చేస్తే వంగని గుణం ఎనిమిది రెట్లవుతుంది నిజమే గాని బరువూ రెట్టింపవుతుంది. దానికి బదులు పీవీసీ గొట్టాన్ని నిలువుగా చీల్చి, అడుగున బోర్లా పరిచి, దాని మీంచి మ్యాట్ వేస్తే పక్కటెముకల్లా నిలిచాయి. రెండు కిలోలతో పని అయింది.

ఇక మన నది సంగతి. ఎక్కడి పడవనైనా తెచ్చి కృష్ణలో వదిలితే సరిపోదా అని అడిగేవారికి, ఇక్కడి నీటిని ఒకసారి దగ్గరగా చూడమని అంటాను. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఇసుక మేటలు నీటి కింద ఎక్కడెక్కడ ఉంటాయో ఏ ఏటికా ఏడు మారుతుంది. తెరచాప పడవ గాలికి పక్కకు కొట్టుకుపోకుండా ఆపేది అడుగునుంచి నీళ్ళలోకి దిగే పలక. లేజర్‌లో దాన్ని పైనుంచి కత్తిలా నిలువుగా దించుతారు. ఇసుక తగిలితే పడవ ఉన్నపళంగా ఆగిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. అందుకని మేము ఇరుసు మీద తిరిగే పలక పెట్టాం, ఇసుక తగిలితే అదే వెనక్కి మడుచుకుంటుంది. దాని గూడు వల్ల నాలుగు కిలోలు పెరిగినా నాకు విచారం లేదు. రెండోది గుర్రపు డెక్క. అది చుక్కానికి చుట్టుకుంటే పడవ మాట వినదు. చుక్కాని ముందంచును వెనక్కి వాలుగా గీస్తే తీగలు జారిపోతాయి, నడిపేవాడి చేతికి కొంచెం బరువు తెలుస్తుంది. నేను ఆ బరువునే ఎంచుకున్నాను.

గాలి విషయానికి వస్తే, మనకు పందేలు పెట్టదగిన కాలం మాఘం దాటాక, సాయంత్రాలు ఆగ్నేయం నుంచి పైరగాలి తిరిగే రోజులు. అది మెత్తని గాలి. ఇంత పొడవున్న పడవ నీటిని చీల్చుకుంటూ పోయేటప్పుడు గంటకు 9 కిలోమీటర్ల దగ్గర తన అలలోనే తాను చిక్కుకుంటుంది. అక్కడి నుంచి పైకి లేచి నీటి మీద జారాలంటే బలమైన గాలి కావాలి. మన సాయంత్రాల్లో ఆ వేగం అరుదు కాబట్టి జారే వేగం కోసం అడుగును బల్లపరుపుగా చేయడం దండగ. మెత్తని గాలిలో పడవను పట్టి ఆపేది తడిసిన ఒంటితో నీటికి జరిగే రాపిడి. అందుకే అడుగును గుండ్రంగా, తడిసే భాగం తక్కువగా గీశాను. అందువల్ల పడవ నిలకడ కొంత తగ్గి, ఎక్కగానే అటూ ఇటూ ఊగుతుంది. ఆ లోటు తీర్చడానికి నీటిమట్టం పైన పక్కలను వెడల్పు చేశాను. విహారం అడిగేది నిలకడ, పందెం అడిగేది రాపిడి లేకపోవడం. రూపకర్త పని ఈ రెంటి మధ్య గీతను ఎక్కడ గీయాలో తేల్చుకోవడమే, నేను ఆ గీతను ఏడుసార్లు చెరిపి గీశాను.

భద్రత విషయంలో బేరం లేదు. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర విహార పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ రోజును మరిచిపోయి ఈ నది మీద ఎవరూ పడవ గీయకూడదు. ఫైబర్ నీటికన్నా బరువైనది, లోపల గాలి లేకపోతే రాయిలా మునుగుతుంది. అందుకే మా పడవ రెండు పక్కలా మూసిన గాలి అరలున్నాయి, ఒక్కొక్కటి 150 లీటర్లు. ఘాటు దగ్గర పడవ నిండా నీళ్ళు నింపి, లైఫ్ జాకెట్లు వేసుకుని ముగ్గురం ఎక్కి కూర్చున్నాం, మునగలేదు. బోర్లా పడితే ఒక్క మనిషి అడుగు పలక మీద నిలబడి తిరగేయగలడా అన్న పరీక్ష చేశాకే పిల్లల్ని ఎక్కించాం.

బరువు తక్కువ ఉండాలనడానికి ఇక్కడ మరో కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువన కట్టివేసిన భారీ ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నాయి, వాటిని బయటికి లాగడానికి రోజుల తరబడి నానా అవస్థ పడ్డారు. మా పడవను నీళ్ళలో కట్టి ఉంచే పద్ధతే లేదు. ఆట అయిపోగానే నలుగురు కలిసి మెట్ల మీదికి మోయాలి. 118 కిలోలు ఆరుగురి పని, 94 కిలోలు నలుగురి పని. రంగు తెలుపు తప్ప మరొకటి వద్దన్నది కూడా ఇందుకే: ఒడ్డున ఎండలో పడి ఉండే పడవ ముదురు రంగైతే మన మే నెల ఎండకు రెసిన్ మెత్తబడేంత వేడెక్కుతుంది, లోపలి మ్యాట్ పోగుల గీతలు పైకి తేలతాయి.

నా వాదనకు వచ్చిన అభ్యంతరాల్లో ఒకటి గట్టిది. హుస్సేన్ సాగర్ మీద లేజర్ పందేలు ఏళ్ళ తరబడి జరుగుతుండగా, మూడు పడవలు మాత్రమే ఉన్న కొత్త రకం పడవల తరగతి పెడితే ఎవరితో పందెం వేస్తారని హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చే మిత్రుడొకరు అడిగారు. ప్రపంచం మొత్తం మీద ఒకే పడవ ఉండడంలో ఉన్న బలం నాకు తెలుసు, ఇంతసేపూ నేను మెచ్చుకున్నదీ దాన్నే. అయితే లేజర్ ఒంటరి మనిషి పడవ, మొదటిరోజు నుంచే నీళ్ళలో పడేస్తుంది, ఒక తల్లి తన పదేళ్ళ పిల్లవాడితో కలిసి ఎక్కే పడవ అది కాదు. ముందు ఒడ్డున జనం ఉండాలి. ఇక్కడ గాలి చదవడం నేర్చిన పిల్లలు రేపు లేజర్ ఎక్కడానికి హైదరాబాద్ వెళ్తే సంతోషంగా బస్సెక్కిస్తాను. రెండో అభ్యంతరం, పాతబడ్డ ఫైబర్‌ను కరిగించి మళ్ళీ వాడుకోలేమన్నది. అది నిజం. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ముప్పై ఏళ్ళు నిలిచేలా చేయడం, విరిగితే అతికించి వాడడం.

రెండో పడవను అచ్చులోంచి తీసిన ఉదయం ఇంకా కళ్ళముందే ఉంది. అంచు చుట్టూ చెక్క చీలలు కొట్టాక, మేస్త్రీ ఆ సందులోకి చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. మూడు చెంబులు పోశాక లోపల ఎక్కడో కిర్రుమంది. రబ్బరు సుత్తితో అచ్చు వెనక తట్టుతూ పోతే ఆ చప్పుడు ముక్కు నుంచి వెనక దాకా పాకింది, పడవ అచ్చులోని నీళ్ళ మీదే అంగుళం పైకి తేలింది. అది మొదటిసారి తేలింది అక్కడే, షెడ్డులోనే. తూకం 94 కిలోలు. మూడోది 93. తేడా కిలోనే అయినా వదలలేదు. మూడోదాని కొయ్య మొదట్లో కిలో సీసం ముక్క బిగించి, రెండింటినీ 94కు తెచ్చాం. మొదటి పడవను పందేల నుంచి తప్పించి, నేర్చుకునేవాళ్ళకు ఇచ్చాం.

ఈ ఫాల్గుణంలో ఒక ఆదివారం సాయంత్రం, అనుమతి తీసుకుని, బ్యారేజీ గేట్లకు చాలా ఎగువన, చుట్టి రావడానికి గుర్తుగా నీటి మీద తేలే రెండు బోయాలు వేసి ఆ రెండు పడవలకూ పందెం పెట్టాం. ఒకదాంట్లో మా మేనకోడలు, తనకు తోడు ఒక స్నేహితురాలు. రెండోదాంట్లో ఇద్దరు కాలేజీ కుర్రవాళ్ళు. నాలుగు చుట్లు తిరిగాక అమ్మాయి పడవ తన పొడవుకు రెండింతల దూరంతో గెలిచింది. అబ్బాయిల్లో ఒకడు ఒడ్డుకు రాగానే, "వాళ్ళ పడవే తేలికండీ, మాకు బరువుది ఇచ్చారు" అన్నాడు. మేస్త్రీకి ఆ మాట తగిలింది. రెండింటినీ అక్కడే మెట్ల మీద కాటాకు ఎత్తించి చూపించాడు. తరవాత పడవలు మార్చుకుని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళారు. అప్పటికి గాలి ఇంకా మెత్తబడింది, ఉండవల్లి వైపు కొండ నీడ నీటి మీదికి పాకుతోంది, రెండు తెల్లని తెరచాపలు దూరానికి ఏది ఏదో తెలియకుండా ఉన్నాయి. ఈసారి మా మేనకోడలు గెలిచింది ముప్పావు పడవ దూరంతో.